కుండీలో పల్లె

2023 సెప్టెంబరులో తెలుగు బిగ్ బాస్ ఏడో సీజన్ మొదలైన రాత్రి ఒక యువ రైతు వేదిక మీదికొచ్చాడు. హోస్టు నాగార్జున అతని చేతిలో ఓ మిరప మొక్క పెట్టి, జాగ్రత్తగా చూసుకొమ్మని లోపలికి పంపారు. మిర్చి వేసిన అనుభవం ఉన్నవాళ్లు అది చూసి నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేకపోయి ఉంటారు. అంతకు రెండేళ్ల కిందటే నల్ల తామర పురుగు పడి మిరప తోటలు పూత మీదే మాడిపోయాయి. మందు మీద మందు కొట్టి, అప్పు మీద అప్పు తెచ్చి, ఆఖరుకు చేను దున్నేసుకున్నవాళ్లున్నారు. ఇక్కడ ఉన్నది ఒకే ఒక్క మొక్క. పురుగు లేదు, వడగళ్లు లేవు, కోతుల బెడద లేదు, కౌలు కట్టే పని లేదు. అయినా ఆ మొక్క కొద్దిరోజులకే వడిలింది. వారాంతంలో, మొక్క సంగతేంటని సంజాయిషీ అడిగారు. పంట పోయిన రైతును సంజాయిషీ అడగడం మనకు కొత్త కాదు. బ్యాంకువాళ్లు అడుగుతారు, ఎరువుల కొట్టువాడు అడుగుతాడు, బీమా ఇవ్వాల్సినవాళ్లు మరీ గుచ్చి గుచ్చి అడుగుతారు. లక్షల మంది చూస్తుండగా చప్పట్ల మధ్య అడగడమే కొత్త.

పల్లె గురించి రియాలిటీ టీవీకి ఏం తెలుసో చెప్పడానికి ఆ కుండీ చాలు. చేనును చేనులా చూపడం దానికి చేతకాదు. అందుకని ఒక మొక్కను పీకి, కుండీలో పెట్టి, స్టూడియో లైటు కింద నిలబెట్టి, ఇదే మీ చేను అంటుంది. మనుషుల విషయంలోనూ అంతే. ఒక మనిషిని ఊరి నుంచి, పని నుంచి, చుట్టపక్కాల నుంచి వేరుచేసి, ఇదే మీ ఊరు అని మనకే చూపిస్తుంది. పైగా మారుమూల పల్లెలకు గుర్తింపు తెచ్చింది తామేనన్న మాటొకటి. మారుమూల అన్నది ఎవరు ఎక్కడ నిలబడి అంటున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. జగిత్యాల బస్టాండులో నిలబడి చూస్తే జూబ్లీహిల్స్ కూడా మారుమూలే, రెండు బస్సులు మారితే తప్ప చేరలేం.

అసలు ఈ ఆట పుట్టింది 1999లో, నెదర్లాండ్స్‌లో. జాన్ డి మోల్ కంపెనీ మొదలుపెట్టిన 'బిగ్ బ్రదర్' 2006లో హిందీలోకి, 2017లో తెలుగులోకి దిగింది. తెలుగు మొదటి సీజన్ ఇల్లు తెలుగు నేల మీద కూడా లేదు, మహారాష్ట్రలోని లోనావాలాలో వేశారు. సిరిసిల్ల నుంచి బతుకుదెరువుకు భీవండి పోయిన నేత కార్మికులు ఆ దిక్కుకే దశాబ్దాల ముందే పోయారు. వాళ్లకు కెమెరాలు లేవు, కాబట్టి వాళ్లది ప్రయాణమే తప్ప 'జర్నీ' కాలేదు.

గుర్తింపు తెచ్చామన్న మాటను కాస్త తడిమి చూద్దాం, ఎందుకంటే ఆ మాటకు సాక్ష్యంగా ఎప్పుడూ చూపేది జగిత్యాల జిల్లానే. మల్యాల మండలం లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ 2012లో 'మై విలేజ్ షో' అని యూట్యూబ్ ఛానల్ పెట్టారు. సెట్టు లేదు, మేకప్ లేదు, ఊరే సెట్టు, ఊరివాళ్లే నటులు. అందులోకి వచ్చిన మిల్కూరి గంగవ్వ బీడీలు చేసిన మనిషి, కూలికి పోయిన మనిషి. చదువు రాదు. డైలాగు ఒకరు చదివి వినిపిస్తే పట్టుకుని, దాన్ని తన నోటికి తగ్గట్టు తిప్పి వదులుతుంది, అప్పుడది రాసినవాడికన్నా బాగుంటుంది. 2019 నాటికే 'మల్లేశం'లో, 'ఇస్మార్ట్ శంకర్'లో కనిపించింది. బిగ్ బాస్ నాలుగో సీజన్ గడప తొక్కింది 2020 సెప్టెంబరులో. ఎవరి గుర్తింపు ఎవరికి అక్కరకొచ్చిందో తారీఖులే చెబుతున్నాయి. మెట్‌పల్లి రైతు దగ్గర పసుపు కొని, డబ్బాలో పోసి, మూత మీద తన బొమ్మ అచ్చేసుకుని, పసుపును లోకానికి పరిచయం చేసింది నేనేనని వ్యాపారి ఊరేగితే ఎట్లుంటుందో ఇదీ అట్లాగే ఉంది.

పరిచయం చేసిన తీరు ఇంకా విచిత్రం. లంబాడిపల్లి వీడియోల్లో గంగవ్వ వాకిట్లోనో, చేను గట్టునో, నలుగురి మధ్యనో ఉంటుంది. కోడలితో లొల్లి, మనుమడితో పరాచికం, పక్కింటామెతో ముచ్చట, చేతిలో ఏదో ఒక పని. ఆమె మాటకు ఆ పదును ఎదుటి మనిషి వల్ల వస్తుంది. ఏ వరసైన మనిషితో ఏం అనొచ్చో, ఎంతవరకు అనొచ్చో ఊరు నేర్పిన కొలత అది. బిగ్ బాస్ ఇంట్లో వరసలు లేవు, అందరూ 'కంటెస్టెంట్లే'. పని లేదు, ఉన్నది 'టాస్క్'. ఎండ లేదు, ఏసీ ఉంది. వయసు పైబడిన ఆ మనిషికి ఆ చలి పడలేదు, నిద్ర పట్టలేదు, ఒళ్లు సహకరించలేదు. ఇంటికి పోతానని కన్నీళ్లు పెట్టుకుంది. ఐదు వారాలకు పంపించేశారు. 2024లో ఎనిమిదో సీజన్‌కు వైల్డ్ కార్డు మీద మళ్లీ పిలిచారు. మళ్లీ ఒంట్లో బాగాలేకనే బయటికొచ్చింది. 'రియాలిటీ' అన్న పేరుకు ఆ ఇంట్లో న్యాయం చేసిన ఘట్టం ఏదైనా ఉందంటే అది ఒక ముసలమ్మ ఇల్లు గుర్తొచ్చి ఏడవడమే. ఆట లెక్కలో మాత్రం దానికి మార్కుల్లేవు, అది నిష్క్రమణ.

ఇక్కడ ఒక అభ్యంతరం లేస్తుంది, అది న్యాయమైనదే. ఆమెకు డబ్బు ముట్టింది, ఊళ్లో సొంతిల్లు కట్టుకుంది, నాగార్జున సాయం చేస్తానని మాటిచ్చారు, మీకేంటి బాధ? బాధ ఏమీ లేదు. జీవితమంతా కూలి చేసిన మనిషి చివరికి మంచి కూలి దొరికిన చోట పని చేసి ఇల్లు కట్టుకుంటే సంతోషించనివాడు మనిషే కాదు. ఈ మొత్తం వ్యవహారంలో తెలివిగా నడుచుకున్నది ఆమే అని కూడా నా నమ్మకం. కూలి తీసుకుంది, లంబాడిపల్లి బస్సెక్కింది. కానీ కూలి ఇచ్చినవాడు ఊరికి ఉపకారం చేశానని శిలాఫలకం పెట్టుకుంటేనే పేచీ. వడ్లు కొన్న మిల్లు యజమాని కూడా రైతుకు గుర్తింపు తెచ్చానని అనడు. తరుగు తీస్తాడే తప్ప ఆ మాట మాత్రం అనడు.

గంగవ్వకు పేరు ఊరిచ్చింది. ఏడో సీజన్‌లో టీవీ ఇంకో మెట్టెక్కి, పేరు పక్కన పెట్టి బిరుదు ఇచ్చింది: 'రైతుబిడ్డ'. గజ్వేల్ దగ్గరి కొల్గూరు నుంచి వచ్చిన పల్లవి ప్రశాంత్, అంటే ఆ మిరప మొక్క పట్టుకెళ్లిన యువ రైతే, ఆ బిరుదుతో లోపలికెళ్లి, ఆ బిరుదుతోనే డిసెంబరు 17న ట్రోఫీ ఎత్తాడు. అతని కష్టం మీద నాకు అనుమానం లేదు, టాస్కుల్లో చెమటోడ్చాడు, గెలిచిన సొమ్ము పేద రైతులకిస్తానని ప్రకటించాడు. విచిత్రమంతా ఆ పదానికి పట్టిన గతిలో ఉంది. రైతు అన్నది ఒక పని పేరు. నాట్లేసిన పొద్దు రైతు, కోసిన పొద్దు రైతు, అమ్ముకున్న పొద్దు బాకీదారు. ఆ ఇంట్లో అది కులం లాంటిది అయింది, పార్టీ లాంటిది అయింది. రెండో వారానికే రైతు కష్టం గొప్పదా, బీటెక్ చదివినవాడి కష్టం గొప్పదా అని నామినేషన్ల మీద వాదులాట. జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల ఏ ఇంటి తలుపు తట్టినా బీటెక్ చదివిన కొడుకూ, వడ్లు ఆరబోసే తండ్రీ ఒకే కంచం ముందు కూర్చుని కనిపిస్తారు. తండ్రి భూమి కుదువపెట్టి కట్టిన ఫీజే కొడుకు బీటెక్. ఆ రెండు కష్టాల మధ్య పోటీ పెట్టాలంటే ముందు ఆ ఇంటిని రెండుగా చీల్చాలి. టీవీ ఆ పని ఒక్క ఎపిసోడ్‌లో చేసింది.

గెలిచిన రాత్రి ఏమైందో అందరికీ తెలుసు. అన్నపూర్ణ స్టూడియోస్ బయట చేరిన జనంలో కొందరు ఆరు ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టారు. మూడు రోజులకు విజేత అరెస్టయ్యాడు, తర్వాత బెయిలొచ్చింది. తప్పెవరిదో తేల్చే పని కోర్టుది. నాకు ఆసక్తి కలిగించేది వేరే లెక్క. మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమై అప్పటికి సరిగ్గా ఎనిమిది రోజులు. అంటే రైతుబిడ్డ గెలిచాడన్న సంబరంలో పగిలినవి రైతు తల్లీ, రైతు పెండ్లామూ ఎక్కే బస్సుల అద్దాలు. తెల్లారేసరికి చర్చావేదికల మీద రైతుబిడ్డ అన్న పదం రంగు మారింది. రాత్రి దాకా అన్నదాత, పొద్దున్నే అల్లరిమూక. ఆ రెంటి మధ్య ఉండే మనిషి, అంటే ఆ రాత్రి మోటారు పెట్టడానికి పొలానికి పోయి బిగ్ బాస్ ఫైనల్ చూడలేకపోయిన మనిషి, ఏ చర్చలోనూ లేడు.

ఈ తెగులు మన ఒక్కరిదే అనుకుని కుంగిపోనక్కర్లేదు. అమెరికాలో డిస్కవరీ ఛానల్ 2016లో 'డీజిల్ బ్రదర్స్' అని మొదలుపెట్టింది. ఉటా రాష్ట్రంలో డీజిల్ ట్రక్కుల్ని ఎత్తు పెంచి, చక్రాలు లావు చేసి, హంగులద్దే వాళ్ల కథ. నల్లపొగ చిమ్మేలా బండ్లను మార్చారని అక్కడి వైద్యుల సంఘం దావా వేస్తే 2020లో ఫెడరల్ కోర్టు 8 లక్షల డాలర్లకు పైగా జరిమానా వేసింది. జరిమానా కట్టాల్సింది వాళ్లు, మసి మాత్రం డీజిల్ బండి ఉన్న ప్రతివాడి ముఖానికీ అంటింది. అదే బండితో గడ్డిమోపులు మోసుకునేవాడు, పశువుల్ని సంతకు తోలుకుపోయేవాడు టీవీకి పనికిరాడు, అతని సైలెన్సర్ మామూలుగా ఉంటుంది కనుక. పంజాబ్‌లో ట్రాక్టర్‌కు ఇదే తెగులు పట్టింది. 2023 అక్టోబరులో స్టంటు చేస్తూ ఒక యువకుడు దాని కిందే పడి చనిపోతే ప్రభుత్వం అలాంటి ప్రదర్శనల్ని నిషేధించింది. మన రీల్స్‌లోనూ ట్రాక్టర్ ముందు చక్రాలు గాల్లోకి లేస్తున్నాయి. కోరుట్ల పక్క మడిలో కేజీవీల్స్ కట్టుకుని కరిగెట దున్నే ట్రాక్టర్ మాత్రం నాలుగు చక్రాలూ బురదలోనే ఉంచి పొద్దంతా తిరుగుతుంది. దాని మీద కూర్చున్నవాడు ట్యాంకులో ఎంత మిగిలింది, కిస్తీ ఎన్నో తారీఖు అని లెక్కేసుకుంటూ ఉంటాడు. ఆ లెక్కకు బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కుదరదు.

టీవీవాళ్లు చెప్పే మరో మాట: పల్లెలో 'కంటెంట్' ఉండదు, మేం కల్పించాలి. ఇది పచ్చి అబద్ధం. నామినేషన్ అన్న పదాన్నే తీసుకోండి. ఆ ఇంట్లో నామినేషన్ అంటే ఎదుటివాణ్ని బయటికి గెంటమని వేలు చూపడం. కోరుట్ల, జగిత్యాల అసెంబ్లీ సెగ్మెంట్లు నిజామాబాద్ లోక్‌సభ కిందికొస్తాయి. 2019 ఎన్నికల్లో పసుపు బోర్డు కావాలని, పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర కావాలని 178 మంది రైతులు తమను తాము నామినేట్ చేసుకున్నారు. పార్టీల వాళ్లతో కలిపితే బరిలో 185 మంది. ఒక్కో పోలింగ్ కేంద్రంలో ఓటింగ్ యంత్రానికి 12 బ్యాలెట్ యూనిట్లు తగిలించాల్సి వచ్చింది. గోడ పొడవునా అమర్చిన ఆ యంత్రాల ముందు ఓటరు తన గుర్తు వెతుక్కుంటూ నడవాలి. డిపాజిట్ 25,000 రూపాయలు, తిరిగి రాదని తెలిసే కట్టారు. దీనికన్నా పెద్ద రియాలిటీ షో తెలుగు నేల మీద ఇంకోటి జరిగిందా? కానీ 178 మంది రైతులు కుండీలో పట్టరు. ఒకణ్ని పిలిచి, చేతిలో మొక్క పెట్టి, రైతు అంటే ఇతనే అనడం తేలిక. పసుపు బోర్డు 2025 జనవరికి గానీ మొదలుకాలేదు, అంటే ఆ సీజన్ దాదాపు ఆరేళ్లు నడిచింది. మద్దతు ధర ఇంకా వైల్డ్ కార్డు కోసం చూస్తోంది.

ఉత్కంఠే కావాలంటే యాసంగి కోతలప్పుడు ఏదైనా ఐకేపీ కొనుగోలు కేంద్రానికి కెమెరా తీసుకుపోవాలి. రోడ్డు వారగా వడ్ల కుప్పలు. కుప్ప మీద పట్టా, పట్టా అంచుల మీద రాళ్లు, పక్కన మంచం, మంచం మీద రైతు. పొద్దున పట్టా తీసి, కాళ్లతో వడ్లను చాళ్లు చాళ్లుగా తిరగేస్తాడు. తేమ యంత్రంలో గుప్పెడు గింజలు పోస్తారు. అంకె 17 లోపు చూపిందా, సేఫ్. 18 చూపిందా, మళ్లీ ఆరబోత. సాయంత్రం మబ్బు పట్టిందా, మళ్లీ నామినేషన్. తేమ తేలితే గోనె సంచులుండవు, సంచులొస్తే హమాలీలుండరు, తూకమైతే లారీ రాదు, లారీ పోతే తాలు ఉందని మిల్లు దగ్గర తరుగు. ప్రతి మెట్టు మీదా ఒక ఎలిమినేషన్, ఏ మెట్టు మీదా హోస్టు లేడు. ఇందులో కంటెంట్ లేదట. ఉంది, కాకపోతే దాన్ని చూపిస్తే చివర్లో ఎవరో ఒకరి పేరు చెప్పాల్సి వస్తుంది, ఆ పేరు చూపుడు వేలుకు అందేంత దూరంలో ఉంటుంది.

సిరిసిల్లకు టీవీ రెండు కుండీలు చేయించి పెట్టింది. నేత కార్మికులు ఉరిపోసుకున్న కాలంలో 'ఉరిసిల్ల' ఒకటి, అగ్గిపెట్టెలో పట్టే చీర రెండోది. అయితే చావు, లేకపోతే అద్భుతం. ఈ రెంటి నడుమ పన్నెండు గంటల షిఫ్టులో సాంచాలు ఆడుతుంటాయి, తెగిన పోగును చూడకుండానే ముడేసే వేళ్లుంటాయి, సర్కారు చీరల ఆర్డరు ఈసారి వస్తుందా రాదా అన్న ఎదురుచూపు ఉంటుంది. 2017లో బతుకమ్మ చీరలు మొదలైనప్పటి నుంచి ఆ ఊరి పని రోజులను ఆ ఎదురుచూపే నిర్ణయిస్తోంది. సాంచాల చప్పుడులో పక్క మనిషి మాటే వినపడదు కాబట్టి అక్కడ గొడవ షూట్ చేయడం కష్టం, గొడవ లేకుండా ప్రోమో కట్ చేయడం ఇంకా కష్టం.

ఇక ఆ ఇంటి నియమాలు చూడండి. తలుపు మన చేతిలో ఉండదు, బయటి ముచ్చట లోపలికి రాదు, ఒకే గదిలో వరసగా మంచాలు, కనపడని పెద్దమనిషి ఆజ్ఞ. వంద రోజులు ఓర్చుకుంటే లక్షలు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మనుషులు ఈ ఆటను గల్ఫ్ క్యాంపుల్లో ఏళ్ల తరబడి ఆడుతున్నారు, ఏజెంటుకు ఎదురు డబ్బిచ్చి మరీ. మంచం మీద మంచం, పాస్‌పోర్టు యజమాని కఫీల్ దగ్గర. ఒక కేసులో దుబాయ్ జైల్లో 18 ఏళ్లు గడిపి, 2024లో సిరిసిల్ల జిల్లాలోని తమ ఊళ్లకు చేరినవాళ్లున్నారు. పిల్లల చిన్నతనమంతా అటే గడిచిపోయింది. వాళ్ల కోసం ఎవరూ జర్నీ వీడియో వేయలేదు. బిగ్ బాస్ అన్న మాట విని మన దగ్గర కొన్ని ఇళ్లలో ముందుగా గుర్తొచ్చేది టీవీ కాదు.

సరే, లంబాడిపల్లి వీడియోలు మాత్రం నటన కాదా, అవీ పల్లెను పెంచి చూపవా అని ఎవరైనా నిలదీస్తే ఒప్పుకోవాల్సిందే. అవీ నటనే. అత్తాకోడళ్ల లొల్లి అక్కడా రెండింతలవుతుంది, యాస ఒక్కోసారి కావాలని ముదురుతుంది. తేడా ఒక్కచోటే ఉంది, కానీ అది చిన్నది కాదు. ఆ కెమెరా పట్టినవాడు రేపు పొద్దున అదే ఊళ్లో పాలు పోయించుకోవాలి. ఎవరినైనా కించపరిస్తే సాయంత్రానికి ఆ ఇంటాయన వాకిట్లోకొచ్చి అడుగుతాడు. జూబ్లీహిల్స్‌లో జరిగే ఎడిటింగ్‌ను ఎవరి వాకిట్లోకెళ్లి అడగాలి? ఇదంతా వినోదమే కదా, ఎందుకింత రాద్ధాంతం అనేవాళ్లకూ ఒక మాట. వేములవాడ దగ్గరి హన్మాజీపేట ఒగ్గు కథకుడు మిద్దె రాములు ఎల్లమ్మ కథ చెబితే తెల్లవార్లూ జనం కదిలేవారు కాదు. అదీ వినోదమే. కానీ ఒగ్గు కథకు ఎవరూ 'వాస్తవం' అని పేరు పెట్టలేదు, కథ అనే పెట్టారు. చూసేవాడికీ తెలుసు, ఆడేవాడికీ తెలుసు. పేరులోనే వాస్తవమని రాసుకున్నవాణ్ని వాస్తవం గురించి అడగడం రాద్ధాంతమెట్లా అవుతుంది?

వచ్చే సీజన్‌కో, ఆ మరుసటి సీజన్‌కో మళ్లీ ఒక రైతును తప్పకుండా పిలుస్తారు, ఆ పాత్ర ఖాళీగా ఉంటే ఓట్లు రావు. అతని చేతిలో మళ్లీ ఓ మొక్క పెడతారేమో. పెడితే మొక్క ఒక్కటే పెట్టకండి. దానితోపాటు కౌలు కాగితం, ఎరువుల కొట్టు ఖాతా పుస్తకం కూడా ఇవ్వండి. అదృష్టం బాగుండి నాలుగు కాయలు కాస్తే వరంగల్ ఏనుమాముల యార్డుకు పంపి, ఆ రోజు ధర ఎంత పలికిందో శనివారం స్టేజీ మీద చదివి వినిపించండి. అంతకన్నా ముందు స్టూడియో తోటలోకి ఒక కోతుల మందను వదలండి. వాటిని ఎవరు తోలాలన్న దాని మీద కెప్టెన్సీ టాస్కు పెట్టుకోవచ్చు.